మంజుల నల్లగీత

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పొడుగునా లేడీస్ టైలర్లకు కొదవ లేదు. కానీ జాకెట్టు కొలతలు తీసుకుంటూనే ఆ జాకెట్టు తొడుక్కోబోయే మనిషిని నలుగురి ముందు ఉతికి ఆరేయగల టైలర్ మంజుల ఒక్కతే.

"పోయినసారికీ ఇప్పటికీ టేపు రెండు వేళ్లు జరిగింది స్వరాజ్యమక్కా. భూమి అమ్మిన ముచ్చట నువ్వు దాచినవ్ గని, నీ నడుము దాస్తలేదు" అనేది.

స్వరాజ్యం తిట్టేది. తిట్టి, మళ్లీ పండక్కి మంజుల దగ్గరికే వచ్చేది. మంజుల కుట్టిన జాకెట్టుకు చంక కింద ముడత పడదు మరి.

అవి రింగు రోడ్డు గీత మ్యాపు మీద పడిన రోజులు. పక్కనున్న కొంగరకలాన్‌లో నిన్న జొన్న కోసిన చేలో ఇవాళ ప్లాట్ల హద్దుల తెల్ల రాళ్లు మొలిచేవి. మంజుల తండ్రి పరశురాం కూడా నాగలి అటకెక్కించి, తెల్ల చొక్కాకు గంజి పెట్టించి, ఒక వెంచరు వాళ్ల గుడారంలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, వచ్చేపోయే కార్లకు తూర్పు ముఖం ప్లాట్లు చూపించేవాడు. ఊళ్లో ప్రతివాడూ ఏదో ఒక గీత వెంట పడి ఉన్నాడు. మంజుల వెంటపడ్డ గీత మాత్రం ఏ మ్యాపులోనూ లేదు. అది ఆమె దుకాణం పైగదిలో ఉంది.

ఆ గదిలో హేమచంద్ర అద్దెకుండేవాడు. కోస్తా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ జోగారావు గారి కొడుకు. ఒక పిల్లల మాసపత్రికకు బొమ్మల కథలు పెన్సిల్‌తో గీయడం అతని పని. ఇంట్లో చుట్టాల గోల పడలేక ప్రశాంతంగా ఉంటుందని ఇక్కడికి వచ్చాడు. ఆ ప్రశాంతతలో తెల్లారింది మొదలు కంకర లారీలు పోయేవి. లారీలు లేనప్పుడు మంజుల మిషను మోగేది.

ఒకరోజు అతను కిందికి దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"ఏమనుకోకండి మంజులగారూ. మీ మిషను అదురుకు నా పెన్సిల్ పక్కకి పోతోంది."

"నా సూదికి లారీ అదురు తాకుతది సారూ. నేను పోయి లారీని ఆపుతున్ననా" అంది మంజుల. అని ఊరుకోలేదు. ఆయన గీస్తున్నదేమిటో చూద్దామని వెనకాలే మెట్లెక్కింది.

బల్ల మీద దళసరి కాగితం. చెరువుల్ని గుటకేసే రాక్షసుడు ఒకడు, వాడికి ఎదురుగా చెరువు కాపలా కాసే సన్నకాళ్ల కుర్రాడు వీరన్న. అన్నీ బూడిదరంగు గీతలే. మంజుల ముక్కు దగ్గరగా పెట్టి చూసింది.

"మంచిగనే ఉన్నది గని, పొగల గీసినట్టున్నది. గిది అచ్చుల కనవడతదా?"

కనబడదట. పెన్సిల్ గీత మీద బ్రష్షుతో నల్ల ఇంకు పెట్టి, ఇంకు ఆరాక పెన్సిల్‌ను రబ్బరుతో తుడిచేయాలట. అప్పుడు మిగిలే నల్లగీతనే అచ్చువాళ్లు తీసుకుంటారట. ఆ పని చేసేవాడు మాదాపూర్‌లో కంప్యూటర్ ఆటల కంపెనీకి వెళ్లిపోయాడు. హేమచంద్రకు పెన్సిలే గానీ బ్రష్షు పలకదు. ఆరు పేజీల కథ ఇలా పొగలోనే ఉండిపోయింది.

"నేను పెడత ఇంకు" అంది మంజుల.

అతను నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. కానీ నవ్వాడు.

"ఇది జాకెట్టు కుట్టడం లాంటిది కాదమ్మా."

"అమ్మా గిమ్మా అనకు సారూ, నీ కన్న చిన్నదాన్నే. జాకెట్టు నువ్వు ఎన్నడన్న కుట్టినవా, అట్లాంటిది కాదని తెల్వనీకి?"

 హేమచంద్ర మెత్తటి మనిషి, వాదనంటే భయం. మొదటి పేజీకి పల్చగా జెరాక్సు తీయించి, ఒక పాత బ్రష్షూ ఇంకు సీసా చేతిలో పెట్టి పంపించేశాడు. రెండు రోజుల్లో విసుగొచ్చి వదిలేస్తుందనుకున్నాడు.

మర్నాడే తెచ్చింది. చూసి హేమచంద్ర కుర్చీలో వెనక్కి పడి, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాడు. వీరన్న లావయ్యాడు. కాళ్లు, చేతులు, మెడ, చివరికి చేతిలో కర్ర కూడా. రాక్షసుడికంటే వీరన్నే చెరువు మింగినవాడిలా ఉన్నాడు.

"ఇదేంటండీ? ప్రతి గీతా పెన్సిల్‌కి కాస్త బయటగా వేశారు."

మంజుల తన చేతి వైపు చూసుకుంది. అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లుగా ఆ చెయ్యి సుద్దగీతను చూడగానే దానికి బయటగానే కత్తెర వేస్తోంది. కుట్టుకు వదలాలి కదా. పైగా ఇబ్రహీంపట్నం ఆడవాళ్లు, లోపల బట్ట జర ఎక్కువ వదులు, లావయితే ఇప్పుకుంట అని మరీ చెప్పి పోతారు. కత్తెర పట్టిన చెయ్యే బ్రష్షు పట్టింది, వీరన్నకు కూడా ధర్మంగా లోపల బట్ట వదిలింది.

"ముందు ముందు ఒళ్లు చేస్తాడని వదిలారా?" అన్నాడు హేమచంద్ర, ఇంకా నవ్వుతూనే.

"ఇంకో జెరాక్సు తియ్యి. నవ్వుడు అయినంకనే తియ్యి, తొందరేం లేదు."

రెండోసారి గీత మీదే వేసింది. ఎక్కడా జారలేదు. వీరన్న సన్నబడ్డాడు గానీ, చచ్చిపోయాడు. ఒంటి చుట్టూ బైండింగ్ తీగ చుట్టినట్టుందని హేమచంద్ర తేల్చేశాడు. గీతంతా ఒకే లావు ఉండకూడదట. ఎండ పడే వైపు వెంట్రుకలా సాగి, నీడ వైపు దిగేసరికి బరువెక్కాలట. బ్రష్షును నొక్కితే లావు, లేపితే సన్నం. మణికట్టుతో గీకకుండా భుజంతో లాగాలి. చెయ్యి తిరగకపోతే కాగితాన్నే తిప్పుకోవాలి. చెప్పేవన్నీ సరిగ్గానే చెప్పాడు. చేసి చూపించమంటే మాత్రం నీళ్లు నమిలాడు.

అక్కడి నుంచి మంజుల దుకాణంలో ఏ కాగితమూ తెల్లగా మిగల్లేదు. పేపర్లో పేజీ నిండా వచ్చే ప్లాట్ల ప్రకటనలు ఆమెకు పలకలయ్యాయి. ఆకాశం చూస్తూ పళ్లికిలించే మొగుడూ పెళ్లాం పిల్లల మొహాల మీద, ముక్కు మీదుగా, గడ్డం మీదుగా గీతలు లాగేది. గీత కుదిరితే వదిలేది. కుదరకపోతే ఆ మొహానికి కొమ్ములు పెట్టేది. ఒకరోజు పరశురాం అన్నానికొచ్చి, తన వెంచరు యజమాని ఫోటోకు కోరలూ కొమ్ములూ చూసి కొయ్యబారిపోయాడు.

"ఏంది బిడ్డా గిది? ఆయన చూస్తే నా కుర్చీ గుంజుకుంటడు."

"చూపియ్యకు బాపూ. చూసినా గుర్తువట్టడు, ఫోటో కన్న గిట్లనే బాగున్నడు."

తల్లి శంకరమ్మ మాత్రం నవ్వలేదు. నీలమ్మ అనే గిరాకీ జాకెట్టు భుజం మీద ఇంకు చుక్క పడింది. నీలమ్మ దాన్ని చీమ అనుకుని రెండుసార్లు దులిపింది. మూడోసారి అది పోదని తెలిసి, దుకాణం ముందు నిలబడి మంజుల ఏడు తరాలనూ పేరుపేరునా పిలిచింది. ఆ జాకెట్టును మంజుల కొత్త గుడ్డతో మళ్లీ కుట్టి ఇచ్చింది. ఆ సాయంత్రం శంకరమ్మ బ్రష్షును చేతిలోకి తీసుకుని, దాన్ని చీపురుపుల్లలా పట్టుకుంది.

"మంచిగ నడుస్తున్న మిషన్ మీద కూసోక, కాయితపు పోరగాండ్లకు కాటుక పెడుతవేందే? ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలు చెప్పలే. గందుకే చేస్తున్న. మిషన్ మీద కూసొమ్మని నువ్వు చెప్పినవ్, కూసున్న. గిదొక్కటి నేను ఏరుకున్న. ఇటియ్యి, కుచ్చు ఇరుగుతది."

శంకరమ్మ ఇచ్చింది. ఇచ్చి, కుట్టాల్సిన జాకెట్ల మూట తెచ్చి కూతురి ముందు పడేసింది.

పత్రిక నుంచి రత్నాకర్ వచ్చింది అలాంటప్పుడే. అచ్చుపనులు చూసే మనిషి, ఎల్బీనగర్‌లో ఉంటాడు. కథ ఎక్కడిదాకా వచ్చిందో చూడ్డానికి బండి మీద వచ్చి, బల్ల కింద పడున్న మొదటి జెరాక్సు బయటికి లాగాడు.

"హేమన్నా, గీ వీరన్నకు షుగర్ గిట్ల వచ్చిందా?"

హేమచంద్ర నసుగుతూ సంగతి చెప్పాడు. రత్నాకర్ ఇంకా గట్టిగా నవ్వాడు. సిటీలో ఇంకు పెట్టేవాడు ఒకడు దొరికాడని, గురువారం వచ్చి ఆరు పేజీలూ తీసుకుపోతానని చెప్పి బండి ఎక్కాడు. ఆ నవ్వు కింద దుకాణంలోకి పూర్తిగా వినిపించింది.

మంజుల మెట్లెక్కి వచ్చి బల్ల ముందు నిలబడింది. "ఒక్క పేజీ ఇయ్యి. జెరాక్సు కాదు, అసలుది."

"అసలుదానికి రెండోది ఉండదు మంజులగారూ. పాడైతే నేను మొదట్నుంచీ గీయాలి."

"తెలుసు. ఆయన నవ్వింది జెరాక్సును చూసి. నా పని చూసి నవ్వుమను, అప్పుడు ఊకుంట. గురువారం ఆరూ పోతే, ఇగ నాకు ఇంకెవడిస్తడు?"

హేమచంద్ర ఆరు పేజీలూ రెండుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత మొదటి పేజీ తీసి, పిల్లను అత్తారింటికి పంపుతున్నవాడిలా రెండు చేతులతో ఇచ్చాడు.

బుధవారం పట్టపగలు దుకాణం షట్టరు సగానికి దించింది. తలుపు కొట్టిన స్వరాజ్యానికి లోపల్నుంచే, పెద్దమనిషి కొలతలు తీసుకుంటున్ననక్కా, రేపు రా అని చెప్పింది. పేజీలో బొమ్మలున్న చిన్న గళ్లు బాగా వచ్చాయి. చెరువు నీళ్లు సన్నంగా, కట్ట రాళ్లు బరువుగా దిగాయి. వీరన్న మొహం మీంచి బ్రష్షు ఎత్తినప్పుడు వాడు నిజంగానే ఆమె వైపు చూస్తున్నట్టనిపించింది. ఇంక మిగిలింది పెద్ద గడి. వీరన్న కాలు వెనక్కి పెట్టి కర్ర ఎత్తే బొమ్మ. పిక్క దగ్గర పొడుగు గీత. ఊపిరి బిగబట్టి లాగింది. సగం దూరం వచ్చాక చూస్తే బ్రష్షు పెన్సిల్‌కు బయట పోతోంది.

చెయ్యి పాత బుద్ధి పోనిచ్చుకోలేదు. భయపడినప్పుడు ఎరిగిన దారే పట్టింది.

మంజుల బ్రష్షు కింద పెట్టింది. ఆ చేతిని కాసేపు తిట్టింది. నీలమ్మ దగ్గర నేర్చుకున్న మాటలన్నీ దానికే ఉపయోగించింది. తర్వాత పేజీ పట్టుకుని పైకి వెళ్లి, బల్ల మీద పెట్టి, వేలు పెట్టి మరీ చూపించింది.

"గీడ చెడగొట్టిన."

హేమచంద్ర వంగి చూశాడు. బల్ల సొరుగులోంచి తెల్లరంగు డబ్బా తీశాడు. "దీంతో కప్పేసి మళ్లీ గీయొచ్చు. ఇటివ్వండి, నేను చూస్తాను. రత్నాకర్ అడిగితే ఈ పేజీ నేనే వేశానంటాను. మీ మీదికి మాట రాదు."

"వద్దు."

"మీ మంచికే చెప్తున్నాను."

"నా మంచి నాకు తెలుసు సారూ. మంచిగొచ్చినయన్నీ నావి, చెడింది నీదా? నేనే చెడగొట్టిన, నేనే దిద్దుత. డబ్బ ఇటియ్యి."

తప్పు గీత మీద తెల్లరంగు పూసి, పేజీని ఫ్యాను కింద ఆరబెట్టింది. ఈసారి మంజుల కాగితాన్ని తలకిందులు చేసింది. అప్పుడది కాలులా కనిపించలేదు, కొలత తీసిన జాకెట్టు చెయ్యిలా కూడా కనిపించలేదు, ఉత్త ఒంపులా కనిపించింది. ఆ ఒంపును తన వైపు లాక్కుంది. సన్నంగా బయల్దేరి, పిక్క దగ్గర బరువెక్కి, మడమ మీద వెంట్రుకై ఆగింది. ఇంకు ఆరాక రబ్బరుతో పెన్సిల్ మొత్తం తుడిచేసింది. పొగ పోయింది.

గురువారం రత్నాకర్ వచ్చేసరికి పేజీ బల్ల మధ్యలో ఉంది. మిగతా అయిదూ పక్కన పెన్సిల్‌లో ఉన్నాయి. మంజుల బల్ల ముందే కూర్చుని ఉంది. అతను పేజీ ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు.

"గీ తెల్ల మచ్చ ఏంది?"

"తప్పు వోయింది, దిద్దిన. అచ్చుల కనవడదట కద" అంది మంజుల.

"నువ్వు చేసినవా చెల్లె?"

"అవ్."

రత్నాకర్ గడ్డం గోక్కున్నాడు. "పర్వాలేదు. ఇది వేసుకుంటం. గని మిగిలినయి సిటీకే పోవాలె. మాట ఇచ్చిన."

"ఎందుకన్నా? గీత బాగలేదా?"

"బాగలేదని నేనన్ననా?"

"మరి?"

"పేరు వెయ్యాలె కద చెల్లె. ఎవరీమె అని అడుగుతరు. ఇబ్రహీంపట్నంల లేడీస్ టైలర్ అంటే మా ఆఫీసుల నవ్వుతరు."

"నవ్వనీ. పిల్లల పుస్తకమే కద, నవ్వితేనే కొంటరు. నువ్వయితే గీత చూసి చెప్పు. చెడ్డగున్నదను, గిప్పుడే లేసి పోత. మిషన్ మీద మస్తు పని ఉన్నది నాకు."

రత్నాకర్ ఆ మాట అనలేకపోయాడు. అనలేక, అయిదు పేజీల కట్ట మీద చెయ్యి వేశాడు. అతని కన్నా ముందు మంజుల పై పేజీ లాగేసుకుంది. రెండో పేజీ. రాక్షసుడు నోరు తెరిచి చెరువు కట్ట కొరుకుతున్న బొమ్మ, కాగితం నిండా ఒకటే గడి. బ్రష్షు సీసాలో ముంచి, అంచుకు రాసి, వాడి దవడ నుంచి కట్ట దాకా ఒక్క గుక్కలో లాగింది. బొమ్మలో అన్నిటికన్నా పెద్ద గీత అదే. అంత లావు నల్లగీతను తెల్లరంగు కూడా కప్పలేదు. వెనక్కి పోయే దారి ఇక ఆ పేజీకి లేదు.

రత్నాకర్ చెయ్యి చాచి, ఆపేశాడు.

"తడి ఉన్నదన్నా" అంది మంజుల, తల ఎత్తకుండానే. "తెల్ల చొక్కకు అంటితే జన్మల పోదు. నేను జాకెట్టు కరాబు చేసుకొని చూసిన."

"ఆరినంక తీస్కపోత."

"ఆరేలోపు మూడోది మొదలువెడత."

"హేమన్నా, నువ్వన్న జెప్పు."

హేమచంద్ర ఇంతవరకూ రత్నాకర్‌కు కాదని చెప్పి ఎరగడు. పేజీలు ఆలస్యమైనప్పుడు కూడా ఫోన్ ఎత్తకుండా దాక్కునేవాడే. ఇప్పుడు చేతిలో ఉన్న పెన్సిల్‌ను చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు.

"ఆ పేజీ నేను మళ్లీ పెన్సిల్ వేయనండి, రత్నాకర్ గారూ. మిగతావీ అంతే. ఆవిడ వేసినవే తీసుకెళ్లండి. పేరు కూడా ఆవిడదే వేయించండి."

కింద రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. బల్ల అదిరింది. బ్రష్షు గాల్లోనే ఆగి, లారీ పోయాక రాక్షసుడి పన్ను మీద దిగింది. రత్నాకర్ గడియారం చూసుకున్నాడు, ఆ పన్ను చూశాడు, తర్వాత గదిలో ఉన్న ఒకే ఒక్క ఖాళీ కుర్చీని చూశాడు.

"సాయంత్రం దాక అయితదా?"

"కూసో అన్నా. గని బల్లకు ఆనకు" అంది మంజుల, కాగితాన్ని తన వైపు తిప్పుకుంటూ.