కుడిచేయి దాచుకున్న సువార్త టీచర్

సువార్త టీచర్ ఇక లేరన్న దుర్వార్త జనగామ బస్టాండులో నా చెవిన పడింది. జ్వరమని దవాఖానలో చేరిన మనిషి వారంలో బడికి వస్తారనుకున్నాం. పక్కపక్క తరగతుల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పుకున్నవాళ్లం. మృత్యువుకు దయ ఉండదంటారు. దానికి ఏ మనిషి ఏ ఊరికి ఎంత అవసరమో కూడా తెలియదని నాకు ఆ క్షణాన అర్థమైంది.

తరిగొప్పులలో పుట్టి, జనగామ బాలికల పాఠశాలలో తెలుగు బోధించిన ఆమెకు సంగీతం వారసత్వంగా రాలేదు. వాళ్ల చర్చిలో తెల్లదొరల కాలం నాటి పియానో ఉంది. ఎవరు పోయినా శవపేటికను అక్కడ దించి, పియానో మీద కీర్తన వాయించి సాగనంపడం వాళ్ల ఆచారం. వాయించే జ్ఞానమ్మ అవ్వ వయోభారంతో కుంగిపోయింది. తర్వాత దిక్కెవరని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, యాభై దాటిన సువార్త టీచర్ వెళ్లి అవ్వ పక్కన కూర్చున్నారు. "పీనుగ మూగగ పోవద్దు బిడ్డా" అందట అవ్వ. ఆ మాట కోసమే ఆమె ఆ వయసులో శిష్యురాలయ్యారు.

కానీ జీవితమంతా నల్లబల్ల మీద రాసిన కుడిచేయి అది. భుజం నుంచి వేళ్ల దాకా ఒకటే సలుపు. నొప్పి పూర్తిగా పోదనీ, చేతిని పొదుపుగా వాడుకోమనీ డాక్టరు చెప్పాడు. ఆ పొదుపే ఆమె తపస్సయింది. బోర్డు మీద పిల్లలతో రాయించేవారు. నీళ్ల బిందెను ఎడమ చంకకెత్తేవారు. ఉప్పుమూటతో కాపడం పెట్టుకుని వాయించడానికి కూర్చుని, సలుపు మొదలవుతుందనగానే లేచిపోయేవారు. "నొప్పి వచ్చినంక లేస్తే రేపటి పాఠం పోతది భాయ్" అనేవారు. ఈ వయసులో ఈ తిప్పలేందని నేను ఆటపట్టిస్తే, "చెయ్యి నాది, నొప్పి దానిది. ఎవల పని వాళ్లం చేసుకుంటున్నం" అని నవ్వేవారు. నవ్వుతూనే పళ్లు బిగబట్టేవారు.

ఇంతలో ఉద్యమం ఉధృతమైంది. బడులు మూసి ఉపాధ్యాయులం సమ్మెలోకి దిగాం. శిబిరంలో నినాదమిచ్చినప్పుడల్లా అందరి కుడిపిడికిళ్లూ లేచేవి. ఆమెది ఎడమది లేచేది. మా సమ్మె నాయకుడు యాదగిరి కంట్లో అది పడనే పడింది.

"ఏంది టీచరమ్మా, తెలంగాణకు కుడిచెయ్యి లేవదా? ఆంధ్రోళ్ల కోసం దాచిపెట్టిన్రా?" అన్నాడు నలుగురిలో.

కొందరు నవ్వారు. నేను సంగతి చెప్పబోయాను.

"ఊకో భాయ్. రాష్ట్రం నాది గూడ" అన్నారామె.

ఆ మధ్యాహ్నం ఊరేగింపులో స్టేషన్ నుంచి చౌరస్తా దాకా, మండుటెండలో, కుడిచేత జెండా ఎత్తి దించకుండా నడిచారు. యాదగిరి చప్పట్లు కొట్టాడు. ఇల్లు చేరేసరికి చేయి వాచి, వేళ్లు ముడుచుకోలేదు.

మర్నాడే జ్ఞానమ్మ అవ్వ కన్నుమూసింది.

నేనూ చర్చికి వెళ్లాను. సువార్త టీచర్ పియానో ముందు కూర్చున్నారు. కుడిచేయి ఎత్తబోతే లేవలేదు. ఎడమచేత్తో కింది స్వరాలు మాత్రం వాయించారు. కీర్తనను నడిపించే వరస కుడిచేతిది. అది లేక, ఎక్కడ అందుకోవాలో తెలియక, జనం గొంతులు మధ్యలోనే ఆగిపోయాయి. బయటికొచ్చాక, "నేర్పిన అవ్వనే మూగగ పంపిన భాయ్" అన్నారు. నాకు యాదగిరి మీద పట్టరాని కోపం వచ్చింది. ఆమెకు రాలేదు. "ఆయనకేం ఎరుక? నేను చెప్పలే గద" అన్నారు.

ఆ చేయి మళ్లీ సరిగా కోలుకోలేదు. రెండు వేళ్లతో వరస వెతుక్కుంటూ ఆదివారాలు నెట్టుకొచ్చారు. తన తర్వాత ఎవరైనా నేర్చుకోండని కనపడ్డవాళ్లందరినీ బతిమాలారు. ధర్నాల కాలం, ఎవరికీ తీరిక లేకపోయింది.

నిన్న ఆమె పేటికను అక్కడే దించారు. గౌరవం కోసం ఎవరో పియానో మూత తెరిచి పెట్టారు. యాదగిరి వెనక బల్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అతన్ని ఓదార్చాలని నాకు అనిపించలేదు. రాష్ట్రం రేపో మాపో వస్తుందంటున్నారు. వచ్చిన నాడు ఆమె పేరు ఎవరూ తలవరు. అందుకే గార్ల నుంచి వచ్చి ఆమె స్నేహానికి నోచుకున్న ఈ ముసల్మాను ఆ కుడిచేతికి కడపటి సలాం సమర్పిస్తున్నాడు. ఇకమీదట ఆ చర్చి నుంచి ప్రతి శవమూ పియానో మోగకుండానే వెళ్లాలి. అట్లా మొదట వెళ్లింది సువార్త టీచరే.