రెండో గ్లాసు

దయ్యాల ముచ్చట్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. కానీ పోయినేడు ఎండాకాలంలో కొత్తవాడలో పట్టపగలు జరిగింది మాత్రం చెప్పకుండా ఉండలేను. తలుచుకుంటే భయం వేయదు, ఒళ్ళు మండుతుంది.

లచ్చవ్వ మా పక్కింట్లో కిరాయికి ఉండేది. ముందు గదిలోనే మగ్గం, దాని మీద జంపఖానాలు నేసేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మా అమ్మానాన్నలు పనికి పోతే బడి నుంచి వచ్చిన నేను ఆమె దగ్గరే ఉండేదాన్ని. ఆమె ఎవరినీ గడప బయట నిలబెట్టి మాట్లాడేది కాదు. కరెంటు బిల్లు అతనైనా, అడుక్కునే మనిషైనా, "లోపటికి రా బిడ్డా, కూసో" అనేది. నీలం చారల జంపఖానా పరిచి, ఇత్తడి గ్లాసులో నీళ్ళిచ్చాకే ఏం పని అని అడిగేది. కిరాయి పెంచడానికి వచ్చిన ఓనరుకూ అదే మర్యాద.

అలాంటి మనిషి దవాఖానలో చనిపోయింది. నేను ఇప్పుడుంటున్న కాజీపేట నుంచి వచ్చేసరికి అంబులెన్సు గల్లీ మొదట్లోనే ఆగి ఉంది. శవాన్ని ఇంట్లోకి రానివ్వనని ఓనరు ముందే సామానంతా బయటపడేసి తాళం వేశాడు. అతని మనుషులు దాన్ని అరుగు మీద మూట కడుతుంటే చూశాను. జంపఖానా, గ్లాసులు అందులోనే పెట్టారు.

"అన్నా, జరసేపే. తానం పోసి తీస్కపోతం" అన్నాను.

"శవం ఇంట్లకొస్తే ఇగ ఎవడు కిరాయికొస్తడమ్మా? నేను మునగాల్నా?" అన్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరి వాకిట్లో వాళ్ళు నిలబడి చూశారు. అందరూ ఆ జంపఖానా మీద కూర్చుని నీళ్ళు తాగినవాళ్ళే.

అప్పుడు తాళం వేసిన తలుపు వెనక నుంచి వినిపించింది. "లోపటికి రా బిడ్డా, కూసో."

నాకంటే ముందు ఓనరే ఉలిక్కిపడ్డాడు. "లోపట ఎవలున్నరు?" అంటూ జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాడు.

లోపల ఎవరూ లేరు. వెనక తలుపు గొళ్ళెం లోపలి నుంచి వేసే ఉంది. గది మధ్యలో నీలం చారల జంపఖానా పరిచి ఉంది. దాని పక్కన రెండు గ్లాసుల నీళ్ళు. బయటికొచ్చి మూట చూశాను. కట్టిన ముడి కట్టినట్టే ఉంది. విప్పితే జంపఖానా లేదు, ఆ రెండు గ్లాసులూ లేవు.

అదంతా చూసి కూడా ఆ మనిషి మనసు మారలేదు. మళ్ళీ తాళం వేశాడు. లచ్చవ్వకు రోడ్డు మీదే, అంబులెన్సు పక్కన చీరలు అడ్డం కట్టి తానం పోశాం.

ఎవరో ఆడిన నాటకం అనుకుందామన్నా ఎలా ఆడారో చెప్పలేను. అది పోనీ. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది వేరే ఉంది. దానికి లచ్చవ్వ మీద కూడా కోపమొస్తుంది. ఒక గ్లాసు నాకు. తనను గడప తొక్కనివ్వని వాడికి రెండోది ఎందుకు పెట్టింది?