కొడుక్కి చెప్పని జబ్బు

ఆడపిల్లగా పుట్టిన నేను మగవాడిగా బతకడానికి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టి అప్పటికి ఏడేళ్లు. రెండువేల దశకం చివరి రోజులు. పరాయిదేశంలో, మౌంట్ రాస్కిల్ అనే పేటలో ఫ్లాట్, ముఖం మీద గడ్డం, బొంగురు గొంతు, అన్నీ అమరాయి. ఛాతీ ఆపరేషన్ మాత్రం చేయించుకోలేదు. రొమ్ములు ఎలాగూ తగ్గాయి, చొక్కా కింద కనబడవు, ఇంక తీయించే పనేముంది అనుకున్నాను. ఒళ్లు నా మాట వింటోందని అంత ధీమా.

ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమవైపు శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. మర్నాడే ఆసుపత్రికి వెళ్లాను.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఏళ్ల తరబడి ఆ మందు వాడితే పాలగ్రంథులు కుంచించుకుపోతాయట, వాటి చోట గట్టి నారలాంటిది పెరుగుతుందట. అలాగని అవి పూర్తిగా మాయమైపోవు, ఉన్నంతకాలం పరీక్షలు తప్పవు. మా వాళ్లలో ఎవరికైనా రొమ్ము కాన్సర్ వచ్చిందా అని అడిగింది. లేదని ఠక్కున చెప్పాను. స్కాన్‌కి రాసింది.

ఆదివారం అదే ఊళ్లో పాపకూర అనే పేటలో ఉన్న అమ్మావాళ్లింటికి భోజనానికి వెళ్లాను. ఆ ఇంట్లో మగవాళ్లకి ముందు వడ్డిస్తారు. మొదటి రెండేళ్లు నా ముఖం చూడని అమ్మ, మూడో ఏట ఒక్క మాటా అనకుండా నా కంచం నాన్న పక్కన పెట్టింది. అప్పటినుంచి నేను వంటింట్లోకి వెళితే అమ్మ, భోజనానికొచ్చిన ఆంటీలు మాట్లాడుకుంటున్నది చప్పున ఆపేసేవారు. దానికే ఎంత పొంగిపోయేవాణ్నో!

గడ్డ సంగతి చెప్పగానే అమ్మ చేతిలోని గరిటె పప్పుగిన్నెలో పడిపోయింది.

"మా అమ్మకి అదే వచ్చింది. మీ పిన్నికీ అదే. కడుపులో పుండని అందరికీ చెప్పాం."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మగపిల్లాడివి. ఇలాంటివి నీతో ఎలా మాట్లాడతానురా?"

"ఆ మొహమాటమే నన్ను చంపేసుండేది!" అని అరిచాను. అరుస్తూనే సిగ్గులేకుండా సంతోషించాను కూడా. అమ్మ నన్ను మగపిల్లాడని అనడం అదే మొదటిసారి.

స్కాన్ రోజు ఆమె పనికి సెలవు పెట్టి నాతో వచ్చింది. గదినిండా ఆడవాళ్లే. నర్సు మా ఇద్దరినీ చూసి పరీక్షకి తొడుక్కునే గౌను అమ్మ చేతికివ్వబోయింది.

"నాట్ మీ. మై సన్," అంది అమ్మ, అందరికీ వినపడేలా. తర్వాత అమ్మమ్మకి ఏ వయసులో వచ్చిందో, పిన్ని ఎన్నాళ్లు దాచుకుందో వచ్చీరాని ఇంగ్లీషులో పూసగుచ్చినట్టు చెప్పింది. అయినవాళ్లకే చెప్పని మాటలవి. నాకు ఆమె కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

సూదితో ముక్క తీసి పరీక్షించారు. కాన్సర్ కాదన్నారు. ఏటేటా వచ్చి చూపించుకోమన్నారు.

తర్వాతి ఆదివారం నేను నాన్న పక్కన కూర్చోబోతుంటే అమ్మ వంటింట్లోకి పిలిచింది. నన్ను చూడగానే ఆంటీలు అలవాటుగా మాటలు ఆపేశారు.

"ఆపకండి," అంది అమ్మ. "వాడూ వినాలి. నా కడుపున పుట్టిన కొడుకు."