వెనక సీటు మీద కర్నూలు నుంచి కడపకి

మోటార్‌సైకిల్ ప్రయాణాల గురించి రాసేవాళ్ళంతా ముందు సీట్లో కూర్చునేవాళ్ళే. నేను పదిహేనేళ్ళుగా వెనక సీట్లో కూర్చుంటున్నాను. నాకు కనిపించేది మా ఆయన హెల్మెట్ వెనక భాగం, దానికి రెండు పక్కలా కొంచెం కొంచెం రోడ్డు. ఆ మాత్రం రోడ్డుతోనే శ్రీశైలం చూశాను, గండికోట చూశాను, ఒకసారి హంపి దాకా వెళ్ళొచ్చాను. కిందటి దసరాకి ముందు మా స్కూల్ మెట్ల మీద జారి, చివరి మెట్టు మీద కూలబడ్డాను. వెన్ను చివర ఉండే చిన్న ఎముక, తోకెముక అంటారే, అది కమిలింది. విరగలేదు, అదే అదృష్టమని డాక్టరు అన్నాడు. మూడు నెలలు బండి ఎక్కొద్దన్నాడు, ఎక్కలేదు. నాలుగో నెలలో మంత్రాలయం బయలుదేరాం. ఎమ్మిగనూరు చేరేసరికి ఇక కూర్చోలేక దిగిపోయి, తిరిగి కర్నూలుకి బస్సెక్కాను. మా ఆయన బస్సు వెనకే బండి మీద వచ్చాడు. బస్సు వెనక అద్దంలోంచి ఆ ఖాళీ సీటు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్నామె నొప్పికి ఏడుస్తున్నాననుకుని జండూబామ్ ఇచ్చింది.

ఆ తర్వాత మా ఆయన సీటు మెత్తగా చేసే పని పెట్టుకున్నాడు. మొదట జెల్ దిండు కొన్నాడు, తర్వాత వల లాంటి కవరు, ఆ తర్వాత గాలి నింపే దిండు. గాలి దిండు మీద కూర్చుంటే మలుపులో నేనొక పక్క, బండి ఒక పక్క. కర్నూల్లో ఒక సీటు దుకాణానికీ వెళ్ళాం. దుకాణదారు "యాడ నొప్పంట సార్?" అని మా ఆయన్ని అడిగాడు. మా ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. మగవాళ్ళిద్దరూ నా నడుము గురించి మాట్లాడుకుంటుంటే నేను బయట వేపచెట్టు నీడలో నిలబడ్డాను, అది మర్యాద కాబట్టి. ఇంకో రెండంగుళాల స్పాంజీ పడింది. నొప్పి కూడా రెండంగుళాలు పెరిగింది.

ఒకరోజు అన్నం తింటూ మా ఆయన అన్నాడు: "అమ్మేద్దాంలేమ్మే. నువ్వు రానప్పుడు నేనొక్కన్నే యాడికి పోయేది?" కొనేవాణ్ణి కూడా చూశాడట, ఆదివారం వస్తాడట. మాట మామూలుగానే అన్నాడు కానీ, తిన్నాక బయటికి వెళ్ళి పొద్దున కడిగిన బండినే మళ్ళీ కడిగాడు. నేను ఆదివారం లోపల ఒక్కసారి చూద్దామన్నాను. కడపలో ఒక సీటు మిస్త్రీ ఉన్నాడని, దూరాలు తిరిగే కుర్రాళ్ళంతా ఆయన దగ్గరికే వెళ్తారని మా స్కూల్లో పనిచేసే కడపామె చెప్పింది. పేరు మస్తాన్ భాయ్. నేను లెక్క వేసుకున్నాను. బుధవారం ఉగాది, స్కూలుకి సెలవు. హిందువుల దుకాణాలు మూసి ఉంటాయి, మస్తాన్ భాయ్‌ది తీసి ఉంటుంది. రంజాన్ నెల ఇంకా మొదలవలేదు. ఇంత చక్కటి లెక్కలో తప్పు ఎక్కడుంటుందని ఫోన్ కూడా చేయలేదు.

పొద్దున ఐదున్నరకి బయలుదేరాం. ఉగాది పచ్చడి ఒక చిన్న డబ్బాలో పెట్టుకున్నాను. పక్కింటామె ముగ్గు వేస్తూ, "ఉగాది పొద్దు ఏం చేస్తే ఏడాదంతా అదేనంటక్కా. తిరుగుతాండారు, ఏడాదంతా తిరగాల్సిందే" అంది. ఆమె భయపెట్టడానికి అంది, నాకది దీవెనలా వినిపించింది. కానీ నడుం పట్టుకుని దిగితే ఏడాదంతా అదే కదా అన్న ఆలోచన వెంటనే వచ్చింది. కొన్న దిండ్లన్నీ ఇంట్లో వదిలేశాను. మా అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు పాత చీరలతో కుట్టిన చిన్న బొంత ఒకటి మడిచి, వెనక సీటు మీద రబ్బరు తాడుతో కట్టుకున్నాను.

కర్నూలు నుంచి కడపకి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా రోడ్డు బాగుంటుంది, టోల్‌గేట్ల దగ్గర బండ్లకి డబ్బు కట్టక్కర్లేదు. ఓర్వకల్లు రాళ్ళ దగ్గర మొదటిసారి ఆగాం. బొంత నాలుగు మడతలు వేస్తే ఎత్తై, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకి జారి మా ఆయన వీపుకి గుద్దుకుంటున్నాను. రెండు మడతలు చేశాను. నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం, ఇద్దరికీ నూట ఇరవై. పండగని చాలా హోటళ్ళు మూసి ఉన్నాయి, బస్టాండు పక్కన వెతికితే దొరికింది. నేను నిలబడే తిన్నాను. మా ఆయన నా ప్లేటు వైపు కాకుండా నా కాళ్ళ వైపు చూశాడు.

ఆళ్ళగడ్డ దగ్గర ఒక టీ కొట్టు ముందు దిగి బొంత విప్పి దులుపుతున్నాను. కొట్టు నడిపే పెద్దామె నెత్తిన నీళ్ళ కడవతో వచ్చింది.

"ఏందమ్మా, బొంత పరుస్తాండావు? పడుకుంటావా ఏంది ఈడ?" అంది.

సంగతి చెప్పాను. ఆడవాళ్ళతో చెప్పడానికి గొంతు తగ్గించక్కర్లేదు. ఆమె కడవ చంకకి దించుకుని, నెత్తి మీది గుడ్డ చుట్టకుదురు తీసి నేల మీద వేసి, దాని మీద కడవ పెట్టింది.

"కడవ అడుగు నేలకు తగలకుండా గదా కుదురు పెట్టేది. నువ్వూ ఒక కుదురు పెట్టుకోపో" అని తన మాటకి తనే నవ్వింది.

నేను కూడా నవ్వాను, కానీ బొంతని పొడుగ్గా మెలిపెట్టి గుండ్రంగా చుట్టాను. పచ్చడి కొంచెం ఆమె చేతిలో పెట్టి బయలుదేరాం. చాగలమర్రి దాకా స్వర్గం. ఆ తర్వాత కుదురు వెనక అంచు సరిగ్గా కమిలిన చోటే ఒత్తడం మొదలైంది. మైదుకూరు ముందు కల్లాల్లో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది, గాలంతా ఆ వాసనే. అక్కడ బండి ఆపించి కుదురు వెనక భాగం విప్పేశాను. ఇప్పుడది గుర్రపు లాడం ఆకారంలో ఉంది, తెరిచిన వైపు వెనక్కి. తొడల కింద, రెండు పక్కలా బొంత ఉంది. ఎముక కింద ఏమీ లేదు. మైదుకూరు నుంచి కడప దాకా నొప్పి లేదు. ఈ విషయం మా ఆయనకి వెంటనే చెప్పలేదు. చెబితే మళ్ళీ పోతుందేమోనని భయం.

పదకొండుకి కడప చేరాం. ఏడు రోడ్ల కూడలి దాటి సందులోకి వెళ్తే మస్తాన్ భాయ్ దుకాణానికి తాళం. మా ఆయన తాళాన్ని పట్టుకుని లాగి చూశాడు, నిజమేనా అన్నట్టు. పక్కనే టీ అమ్మే అతను మమ్మల్ని చూసి, "ఉగాది గదప్పా ఈపొద్దు, తీయడు" అన్నాడు.

"ఉగాదికి ఆయనెందుకు మూస్తాడు?" అన్నాను.

"మీది కడప కాదేమోలే. భాయ్ దేవుని కడప గుడికి పోయినాడమ్మా, ఇంటిల్లిపాదీ. వాళ్ళకు ఈపొద్దు పోకుంటే జరగదు."

అప్పుడు తెలిసింది, కడపలో పసిపిల్లకైనా తెలిసిన సంగతి. బీబీ నాంచారమ్మ ముస్లింల ఇంటి ఆడబిడ్డ, వెంకటేశ్వరస్వామి అల్లుడు. ఉగాది రోజు అక్కడి ముస్లింలు కొబ్బరికాయలు, బియ్యం, బెల్లం పట్టుకుని అల్లుణ్ణి చూడ్డానికి వెళ్తారు. పక్క జిల్లాలో పుట్టి ఇంత వయసొచ్చిన టీచరమ్మకి తెలియలేదు. టీ అతను ఫోన్ చేసిపెట్టాడు. గుడి దగ్గరికే రమ్మన్నాడట.

దేవుని కడప ఊరి చివరే. గోపురం ముందు వరసలో బుర్ఖాలు, పట్టుచీరలు కలిసే నిలబడి ఉన్నాయి. మేమూ దర్శనం చేసుకున్నాం. మస్తాన్ భాయ్ తెల్ల టోపీతో, చేతిలో కొబ్బరిచిప్పతో మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. సన్నటి మనిషి, యాభై దాటి ఉంటాయి.

"ఏమనుకోవద్దక్కా. ఏడాదికొక్కసారి అల్లుని మొగం చూడకుంటే ఎట్లా?" అన్నాడు.

వెనక సీటు ఈరోజు కుదరకపోతే ఆదివారం బండి అమ్ముడుపోతుందని మా ఆయన చెప్పాడు. పండగ పూట అడగడం బాగుండదని నసుగుతూనే చెప్పాడు. భాయ్ తన ఇంటివాళ్ళు నిలబడ్డ వైపు చూశాడు.

"ఈపొద్దు ఒక సీటు కుడితే ఏడాదంతా చేతికి పని ఉంటాదిలే అన్నా. ఇంట్లోవాళ్ళను దించొస్తా, మీరు తినేసి రాండి."

మేం కారం దోసెలు తిని వెళ్ళేసరికి షట్టరు సగం తీసి ఉంది. భాయ్ వెనక సీటు ఊడదీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత కర్నూలు అతను చేసిందే చేశాడు. నా వైపు చూడకుండా, మా ఆయన వైపు తిరిగి మెల్లగా, "అక్కకు యాడ నొప్పంటాదన్నా?" అన్నాడు. మా ఆయన మళ్ళీ గొంతు తగ్గించాడు. బయట చెట్టు కూడా ఉంది, నేను వెళ్ళి నిలబడటమే తరువాయి.

నిలబడలేదు. బొంతని లాడంలా మడిచి సీటు మీద పెట్టాను. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది, టీచర్లందరికీ ఉంటుంది. నల్ల రెక్సిన్ మీద బొంత చుట్టూ గీత గీశాను. మధ్యలో ఖాళీ చోట ఇంటూ మార్కు పెట్టాను.

"ఇక్కడ ఏమీ ఉండకూడదు భాయ్. ఈ చుట్టూ గట్టిగా ఉండాలి. ముందుకి వాలకూడదు" అన్నాను.

భాయ్ గీత వైపు చూసి, దుకాణానికి వచ్చాక మొదటిసారి నా వైపు చూశాడు. "ఇంత సులువుగా ఎవురూ చెప్పలేదక్కా" అని కత్తి తీశాడు. మా ఆయన సుద్దముక్క నా చేతిలోంచి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

మెత్తటి స్పాంజీ తీసేసి గట్టిది అతికించాడు. ముందు వైపు కొంచెం ఎత్తు పెంచి వాలు పోగొట్టాడు. గీత ప్రకారం వెనక చీలిక కోసి, పైన పలచటి పొర వేసి, జారని గరుకు రెక్సిన్ కుట్టాడు. మజూరీతో కలిపి పద్దెనిమిది వందలు. పెట్రోలు రానూపోనూ పదమూడు వందలైంది.

నాలుగు దాటాక బయలుదేరాం. మైదుకూరులో మా ఆయన తల తిప్పి, "ఎట్లుండాది?" అన్నాడు. "నడపండి" అన్నాను. ఆళ్ళగడ్డలో మళ్ళీ "ఎట్లుండాది?" అన్నాడు. "నడపండి." పిర్రలు తిమ్మిరెక్కాయి, అది అందరికీ ఉండేదే. ఎముక మాత్రం నోరెత్తలేదు. నంద్యాల దగ్గర అడక్కుండానే బండి ఆపాడు. దిగి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని వెనక్కి వంగాడు.

"నా సీటు గూడా చేపించుకోవాల్సిందేమో" అన్నాడు.

ఆదివారం కొనేవాడు వచ్చాడు. ఇంజను విన్నాడు, టైర్లు నొక్కాడు. చివరికి వెనక సీటు మీద చెయ్యి పెట్టి, "ఇదేంది సార్, గుంత పడిపోయింది. సీటు పాడైనట్టుండాదే" అన్నాడు. ధర తగ్గించడానికి అన్నాడో, నిజంగానే అనుకున్నాడో.

"పాడు కాలేదప్పా, అది మా ఇంట్లోవాళ్ళ చోటు" అన్నాడు మా ఆయన. "అమ్మేది లేదు. టీ తాగిపో."

ఆ అబ్బాయి టీ తాగి వెళ్ళాడు. నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంది, ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. పదిహేనేళ్ళు వెనక కూర్చున్నాను; నన్ను ఎవరూ అడగలేదన్నది నిజమే, నేను నోరు తెరవలేదన్నదీ నిజమే. నడుం గురించి ఆడవాళ్ళని అడగడం మర్యాద కాదు, ఆడవాళ్ళు చెప్పడం మర్యాద కాదు. ఆ మర్యాద కోసం ఒక మంచి బండి పరాయి ఇంటికి పోబోయింది. కడపకి మీరూ వెళ్తే ఉగాది రోజు వెళ్ళండి, దుకాణానికి కాదు, గుడికి. ఇక బండికి సంబంధించి ఒక్కటే సూచన: వెనక సీటు చేయించేటప్పుడు ఆ సీట్లో కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్ళి, సుద్దముక్క వాళ్ళ చేతికివ్వండి.