మా అమ్మ బిందె, నా కొట్టు ముడి

ఆ రోజు పొద్దున నేను చేసిన తప్పు ఇది: పక్కింటి సోడాల సాయిబు మా అమ్మ బిందె దొంగిలించాడని వీధంతా వినపడేలా అరిచాను.

వీధంటే తిరువూరులో మా బట్టల కొట్టున్న వీధి. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక దొడ్డి. సాయిబుదీ అంతే, ముందు సోడా కొట్టు. మా రెండు దొడ్లకీ మధ్య గోడ సరిగ్గా బావి నడిమీదుగా పోతుంది. సగం బావి మాది, సగం వాళ్ళది. ఎవరి గిలక వారిది, ఎవరి చేంతాడు వారిది. చుట్టుపక్కల నీళ్ళన్నీ ఉప్పగా ఉంటే ఈ బావి ఒక్కటే తియ్యగా ఉండేది. సాయిబు సోడాకున్న పేరంతా ఆ నీళ్ళ పుణ్యమే.

అప్పుడు మా ఆవిడ ఏదీ ముట్టుకోకూడని మూడు రోజులు. వెనక వసారాలో ఓ మూల చాప మీద కూర్చుని, నేను ఏ పని ఎలా చెడగొడుతున్నానో చెబుతూ ఉండేది. అంతకు ముందైతే అలాంటి రోజుల్లో పొయ్యీ నీళ్ళూ మా అమ్మ చూసుకునేది. అమ్మ ఆ ముందటి చలికాలంలోనే పోయింది. కర్మ జరిపించే హడావిడిలో నాకు ఏడవడానికి తీరిక దొరకలేదు. ఆ తర్వాత ఏడిస్తే బాగుండదనిపించింది. దానికి బదులు రోజూ ఎవరో ఒకరి మీద కోప్పడుతూ వచ్చాను.

ఆ బిందె అమ్మ కాపురానికి వస్తూ పెనుగొలను నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె. దానికి చేంతాడు కట్టి బావి గట్టు మీద పెట్టాను. ఇంతలో కొట్టు దగ్గర ఎవరో పిలిచారు. వెళ్ళొచ్చేసరికి చేంతాడు ఉంది, బిందె లేదు. గోడకు అటువైపు సాయిబు నీళ్ళు తోడుకుంటున్నాడు.

"బిందె ఏది?" అన్నాను.

"ఏ బిందండీ?"

"అటునుంచి చెయ్యి చాపితే అందే బిందె."

సాయిబు ముఖం మాడిపోయింది. అయినా నెమ్మదిగానే అడిగాడు. "బావిలో పడిందేమో చూడండి. ఏ ముడేశారు?"

"పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మూటలు కడుతున్న చెయ్యి ఇది. నాకు ముడి నేర్పుతావా? దొంగ!"

ఆ ఆఖరి మాట నేను దొడ్లో అనలేదు. వీధిలోకి వెళ్ళి, పది మంది పోగయ్యాక అన్నాను.

సాయిబు లోపలికి పోయి, గిలక మీది చేంతాడు తీసి చుట్ట చుట్టుకున్నాడు. "ఈ నీళ్ళు ఇక మాకు హరామండీ, ముట్టం" అని మాత్రం గోడ అవతలి నుంచి వినిపించింది. ఎండ ఎక్కేసరికి అతని భార్య వీధి చివరి బావి నుంచి కడవలు మోస్తోంది. మధ్యాహ్నం ఎవరో బేరగాడు సోడా నోట్లో పోసుకుని తూ అని ఉమ్మాడు.

"ఇదేం సోడా సాయిబూ, బందరులో సముద్రం దగ్గర పట్టావా?"

ఆ బేరగాడు వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన ఇద్దరూ అలాగే వెళ్ళిపోయారు. నేను మీటరు బద్ద పట్టుకుని అన్నీ వింటూనే ఉన్నాను. మండు వేసవి. ఇంకో వారం ఇలాగే జరిగితే ఆ కొట్టు తలుపులు మూసుకోవాల్సిందే.

భోజనానికి ఇంట్లోకి వస్తే మా ఆవిడ చాప మీద నుంచే అందుకుంది. "బావిలో వెతికారా?"

"మోకాలి లోతు నీళ్ళలో బిందె దాక్కుంటుందా?"

"నీళ్ళ కింద నడుం లోతు బురదుంది. పూడిక తీయించమని అత్తయ్య నిరుటి నుంచీ మొత్తుకుంటూనే పోయారు."

పూడిక తీసేవాళ్ళు నెమలి ఊరి తిరనాళ్ళకు పోయి ఉన్నారు. "సరే, బావిలో లేదని నేనే దిగి చూపిస్తా" అని పంచె గోచీ బిగించాను. బిందె బావిలో లేదని రుజువు చేయడానికి బావిలో దిగినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

రాతి మెట్లు పట్టుకుని, పారతో, తట్టతో అడుగుకి చేరాక గాని, తట్ట పైకి లాగడానికి మనిషి కావాలని తోచలేదు. ఆవిడ ముట్టుకోకూడదు. ఏం చేద్దామా అని తలెత్తితే గోడకు అటువైపు నుంచి సాయిబు తల కనిపించింది. చుట్ట చుట్టి దాచిన చేంతాడు మళ్ళీ గిలక మీద వేస్తున్నాడు.

"నువ్వెందుకొచ్చావు?" అన్నాను.

"మీరు లోపల పోతే ఆ నింద కూడా నా మీదే వస్తుందండీ. దొంగతనం వరకైతే ఎలాగో సర్దుకుంటా."

తట్ట నిండా బురద ఎత్తి, చేంతాడు బిగించి కట్టి, "లాగు" అన్నాను. తట్ట నిలువెత్తు లేచింది. అక్కడ చిన్నగా కదిలింది. తర్వాత బురదంతా నా నెత్తిన ఉంది.

సాయిబు పైనుంచి తొంగి చూశాడు.

"ఇది మూటల ముడాండీ?" అని వినయంగా అడిగాడు సాయిబు.

కొట్లో మేం వేసే ముడి చూడ్డానికి గట్టిగా ఉంటుంది. కొస ఎటైనా లాగితే చటుక్కున ఊడిపోతుంది. బేరగాణ్ణి నిలబెట్టకుండా మూట విప్పి చూపించాలని మా నాన్న నేర్పింది. పొద్దున బిందెకు వేసిందీ అదే. గట్టు మీద బిందె కాస్త ఒరిగి, ముడి ఊడి బావిలో పడి ఉంటుంది, అంతే. కళ్ళలోని బురద తుడుచుకునేలోపే నాకు అంతా తెలిసిపోయింది. పైకెక్కి క్షమించమని అడగొచ్చు. అడగడానికి మొహం చెల్లక, పార అందుకున్నాను.

ఇక తవ్వుతూనే ఉన్నాను. మొదట్లో నా మీద నాకే కోపం. కాసేపటికి అదీ లేదు. కోప్పడాలంటే ఊపిరి కావాలి, ఉన్న ఊపిరి తట్ట ఎత్తడానికే సరిపోయింది. భుజాలు మండుతున్నాయి. చలికాలం నుంచీ గుండెలో బిగిసి ఉన్నదేదో పారకు తగిలిన మట్టిలా పెళ్ళలు పెళ్ళలుగా విడుతోంది. పైకి పోయిన తట్టలో రెండు గోలీ సోడా సీసాలు, తర్వాత మా అడకత్తెర బయటపడ్డాయి. సాయిబు దేన్నీ వదలకుండా పేరు పెట్టి కేకేశాడు.

"అడకత్తెరా!" అని వసారాలోంచి ఆవిడ. "దాన్ని నేను మా పుట్టింటికి పంపించేశానని నెల రోజులు సాధించారే!"

అప్పుడు కాలికి చల్లగా అంచు తగిలింది. చేతులతో బురద తోడి పైకి తీశాను. అమ్మ బిందె. మూతి దగ్గర ఆ పాత సొట్ట అలాగే ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బురదలో కూలబడి ఏడ్చాను. అంత లోతున ఎవరికి వినపడుతుందిలే అనుకున్నాను. బావిలో ఏడిస్తే ఒకటికి నాలుగింతలు వినపడుతుందని నాకు తెలియదు.

"ఏమైంది? కాలు విరిగిందా?" అని ఆవిడ కంగారు.

"లేదు చెల్లెమ్మా. అమ్మగారి బిందె దొరికింది" అన్నాడు సాయిబు. చాలాసేపు నన్ను ఏడవనిచ్చాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఇక చాలండి శెట్టిగారూ, ఈ బావి కూడా ఉప్పనవుతుంది" అన్నాడు.

ఏడుపులోనే నవ్వొచ్చింది. "సాయిబూ, తప్పు నాది" అన్నాను. అదీ నాలుగింతలయ్యే వినపడి ఉంటుంది. అయినా బావిలో చెప్పిన మాట వీధికి చేరదు కదా.

మర్నాడు పొద్దునకు నీళ్ళు తేరుకున్నాయి. సాయిబు వేసి చూపిన ముడితో బిందె ముంచి తోడాను. గోడ మీదుగా అటు అందించవచ్చు, నాలుగు అడుగుల పని. నేను బిందె భుజానికెత్తుకుని, కొట్టులోంచి వీధిలోకి దిగాను. దొంగ అన్నది వీధిలో కదా మరి.

"ఏంటండీ శెట్టిగారూ, సోడా కొట్లో చేరారా?" అని ఎదుటి కిరాణా ఆయన.

"నిన్న ఆయన్ని దొంగ అన్నానండీ. బిందె మా బావిలోనే ఉంది" అని నిలబడి చెప్పాను. దారిలో అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పాను. అడగనివాళ్ళకి కూడా ఆగి చెప్పాను. బిందె బరువుకి భుజం వంగిపోతోంది.

సాయిబు అడ్డం రాబోయి ఆగాడు. నేను అతని గాబులో నీళ్ళు కుమ్మరించి, ఖాళీ బిందెతో మళ్ళీ వీధి మీదుగానే బావికి బయల్దేరాను. గాబు నిండటానికి ఇంకా చాలా కావాలి.