ఆ ఫ్యాను ఆపండర్రా

అతీంద్రియం అనే మాటని నేను వార్తల్లోంచి కొట్టేసినన్నిసార్లు ఇంకే మాటనీ కొట్టేసి ఉండను. జిల్లా డెస్కులో ఉన్న రోజుల్లో చేతబడి వార్తలు, ఇంటి మీద రాళ్లు పడుతున్న వార్తలు తరచూ వచ్చేవి. రాసి పంపిన విలేకరికి ఫోన్ చేసేవాణ్ణి. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, చూసినవాడికి ఆ ఇంటివాళ్లతో తగాదా ఏమైనా ఉందా అని అడిగేవాణ్ణి. ఆఖరి ప్రశ్న దగ్గర చాలా దెయ్యాలు పారిపోయేవి.

ఇదీ ఆ పద్ధతిలోనే రాస్తున్నాను. చూసింది, విన్నది మాత్రమే.

హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు లేస్తున్న కాలం. ఆ మేడల్లో పనిచేసే పిల్లలు మా సిటీ అనుబంధాన్ని తెరవడం లేదని మా ఎడిటర్ బెంగ పెట్టుకున్నాడు. ఇంటర్నెట్లో సొంతంగా రీమిక్సులు చేసి పెడుతున్న కొత్తవాళ్లని వెతికి, వారానికొకర్ని పరిచయం చెయ్యమని నాకు అప్పజెప్పాడు. డెస్కులో అందరికంటే పెద్దవాణ్ణి నేను. "మీరైతే ఓపిగ్గా వింటారండీ" అన్నాడు. అందులో వెటకారం లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

నిజంగానే ఓపిగ్గా విన్నాను. మొదట్లో తలనొప్పి వచ్చేది. తర్వాత చెవి అలవాటు పడింది. డబ్‌స్టెప్ అనే ఆ రకం సంగీతానికి ఒక పద్ధతి ఉంది. పాట మెల్లగా పైకెక్కుతుంది. ఒక్క క్షణం అంతా ఆగిపోతుంది. అప్పుడు నేల కిందనుంచి వచ్చినట్టు బేస్ మోత పడుతుంది. దాన్ని పిల్లలు డ్రాప్ అంటారు. గుంపంతా ఎగిరేది అక్కడే. ఆ ఆగిపోయిన క్షణంలో ఏం పెట్టాడన్నదాన్నిబట్టే ఆర్టిస్టు గొప్పవాడా కాదా తేలుతుంది.

ఒకరి పేజీలోంచి ఇంకొకరి పేజీలోకి వెళుతూ ఉంటే 'లోకోషెడ్' అనే పేరు తగిలింది. మౌలాలిలో ఇంజన్లు రివర్సయ్యే చప్పుడు, ఎంఎంటీఎస్ రైళ్ల బ్రేకులు కీచుమనడం, సికింద్రాబాద్ స్టేషన్లో టీ అమ్మేవాళ్ల కేకలు, అన్నీ కోసి అతికించి పాట కట్టాడు. వినేవాళ్లు కొద్దిమందే. ఇంటర్వ్యూ కావాలని మెసేజ్ పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది.

"మావయ్యా, నేనే. అమ్మకి చెప్పకు."

మా అప్ప కొడుకు సందీప్. పద్మారావు నగర్‌లో మా వీధికి రెండు వీధుల అవతల వాళ్లిల్లు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది శ్రీకాకుళం వైపు, అక్కడ అక్కని అప్ప అంటాం. బావగారు పోయాక అప్ప బడిలో లెక్కలు చెబుతూ ఒక్కతే వాణ్ణి పెంచింది. వాడికి చిన్నప్పటినుంచీ ఫ్యాను గాలి పడేది కాదు. ఎండాకాలంలో కూడా వాడు పడుకుంటే అప్ప ఫ్యాను ఆపేసి, తను విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చునేది. ఆ విసనకర్ర కూడా తనకే విసురుకునేది, వాడికి కాదు.

అమ్మ దగ్గర వాడి గుట్టు ఎన్నాళ్లో దాగలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వెళితే వాడు నన్ను గదిలోకి పిలిచి కొత్త పాట వినిపించాడు. దాంట్లో ఒక ఆడమనిషి శోకం ఉంది. మా వైపు చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. పోయినవాణ్ణి పిలుస్తూ, వాడు తిన్నవీ తిననివీ చెప్పుకుంటూ ఏడుస్తారు. "అన్నం కలిపుంచాన్రా నాయినా, లేచి తినరా నాయినా" అని ఆ గొంతు పైకెక్కింది. హఠాత్తుగా రాగం ఆపి, మామూలు గొంతుతో, విసుగ్గా అంది: "ఆ ఫ్యాను ఆపండర్రా. ఆడికి గాలి పడదు."

ఆ వెంటనే చిన్నగా టక్‌మని స్విచ్ నొక్కిన చప్పుడు.

దాని మీద బేస్ పడింది.  అంత మంచి డ్రాప్ నేను అప్పటిదాకా వినలేదు.

ఎక్కడిదిరా ఇది అంటే, ఎవరో పేరులేనివాళ్ల పేజీలో దొరికిందన్నాడు. ఫొటో లేదు, ఇంకే పాటా లేదు, ఇదొక్కటే ఉందట. గొంతు పిచ్ మాత్రం వాడే పెంచి సన్నగా చేశాడట.

ఇంతలో అప్ప గరిటె పట్టుకుని గుమ్మంలోకొచ్చింది.

"ఎవర్తిరా అది? నట్టింట్లో ఆ ఏడుపేట్రా?"

"సాంపిల్ అమ్మా."

"సాంపిలో గీంపిలో, తీసెయ్. మనవైపు మనిషిలా ఉంది పాపం. ఎవరి కొంప మునిగిందో, నువ్వు దాని మీద డప్పు కొడుతున్నావు."

"అది తీసేస్తే పాటలో ఇంకేం ఉంటదమ్మా?"

"నీ ఉద్యోగం ఉంటది. చాలదూ?"

ముగ్గురం నవ్వుకుని అన్నాలు తిన్నాం.

అప్ప గురించి ఒక మాట చెప్పాలి. మా అమ్మ పోయినప్పుడు కూడా తను రాగం తీయలేదు. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పాలకొండ నుంచి వచ్చిన పిన్ని "పట్నం వచ్చి ఏడవడం కూడా మర్చిపోనావా పిల్లా" అని అందరి ముందూ దెప్పింది. అప్ప నోట శోకం నేనే కాదు, ఎవరూ విని ఉండరు. ఆడు, ఆడికి అనే మాటలు కూడా తను ఎప్పుడో వదిలేసింది. బడిలో పిల్లలు నవ్వుతారని.

నా శీర్షికలో ఆ పాట గురించి రాశాను. ఆ ఏడుపు, ఫ్యాను మాట, స్విచ్ చప్పుడు, అన్నీ వివరంగా రాశాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. మిగతావన్నీ నా జ్ఞాపకం అనుకున్నా, అది అచ్చులో ఉంది.

పాట పాకింది. వాడి స్నేహితుడు శేఖర్, మౌలాలి కుర్రాడు, కాలేజీ ఫెస్టుల్లో డీజేగా వెళ్లేవాడు. ఒక ఫెస్టుకి నన్నూ తీసుకెళ్లాడు. "చూడుండ్రి సార్, ఇప్పుడు పోరగాళ్లు ఎట్ల లేస్తరో" అన్నాడు. ఏడుపు మొదలవగానే పిల్లలు గుండెలు బాదుకుంటున్నట్టు నటించారు. ఫ్యాను మాట దగ్గర మైదానమంతా ఒక్క గొంతుతో అరిచింది: "ఆడికి గాలి పడదు!" టక్. అందరూ గాల్లోకి లేచారు. సందీప్ ముఖం ఆ రోజు చూడాలి. వాడికి కావలసింది అదే. పెద్ద డబ్బేం కాదు, అంతమంది ఒకేసారి ఎగరడం.

వానాకాలంలో వాడికి జ్వరం వచ్చింది. ఊరంతా జ్వరాలే. ఆస్పత్రిలో ప్లేట్‌లెట్లు ఎక్కించారు, తగ్గుతుందన్నారు, తగ్గలేదు. పెద్దాసుపత్రికి మార్చాం. అక్కడా డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. ఒక ఉదయం వాణ్ణి ఇంటికి తెచ్చాం.

హాల్లో చాప మీద పడుకోబెట్టాం. ఐస్ బాక్సు ఇంకా రాలేదు. జనం, ఉక్క, ఈగలు. ఎవరో ఫ్యాను వేశారు. ఆఫీసు స్నేహితులు చెప్పులు విడిచి గోడ పక్కన నిలబడ్డారు. వాళ్ల పక్కన శేఖర్ ఉన్నాడు. అప్ప కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. వాడికి బాగాలేదని తెలిసి ముందురోజే పాలకొండ నుంచి వచ్చిన పిన్ని ఆమె భుజం పట్టుకుని కుదిపింది. "ఏడవ్వే తల్లీ, ఏడవ్వే."

అప్పుడు అప్ప నోరు తెరిచింది.

"అన్నం కలిపుంచాన్రా నాయినా..."

నాకు మొదట అర్థం కాలేదు. ఏడుపు ఏడుపులాగే వింటున్నాను. రాగం పైకెక్కింది, ఒకచోట గొంతు జీరబోయింది, మళ్లీ అందుకుంది. ఆ జీర నాకు తెలుసు. ఎన్నోసార్లు హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. శేఖర్ వైపు చూశాను. వాడు అప్పటికే నా వైపు చూస్తున్నాడు.

అప్ప రాగం ఆపింది. పైకి చూసింది. విసుగ్గా అంది.

"ఆ ఫ్యాను ఆపండర్రా. ఆడికి గాలి పడదు."

స్విచ్ బోర్డు నా వెనకే ఉంది. ఆలోచించలేదు, చెయ్యి వెళ్లింది. టక్. "ఆపానప్పా" అన్నాను.

ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం గురించి రాయడానికి ఇష్టం లేదు, కానీ రాయాలి. నా ఒళ్లు ఆ బేస్ కోసం ఎదురుచూసింది. గోడ పక్కన నిలబడ్డ పిల్లలూ ఎదురుచూశారు. వాళ్లలో ఒక అమ్మాయి మడమ నేల మీంచి లేచింది. తను అది గమనించి, నోరు మూసుకుని బయటికి పరుగెత్తింది. మెట్ల మీద ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో లోపలికి తెలియలేదు.

అందరూ అనుకునేదే నేనూ అనుకున్నాను. ఆ పాట ఇంట్లో రోజూ మోగింది కాబట్టి, దుఃఖంలో అప్ప నోటికి ఆ మాటలే వచ్చాయని. కానీ అప్ప అలా అనుకోలేదు. పదిరోజుల కర్మలయ్యాక నన్ను పిలిచి, ఆ పాట తీయించెయ్యమంది. "అది నా గొంతురా" అంది. 

శేఖర్ వచ్చి సందీప్ లాప్‌టాప్ తెరిచాడు. లోకోషెడ్ పేజీ మొత్తం చెరిపేశాడు. లాభం లేదు. అప్పటికే ఆ పాటని ఎవరెవరో తీసుకుని తమ పాటల్లో కలుపుకున్నారు, వాళ్ల దగ్గర్నుంచి ఇంకెవరో. పేరులేని ఆ మొదటి పేజీ కోసం వెతికాం. దొరకలేదు. పాట కట్టకముందు సందీప్ దించుకున్న అసలు ముక్క మాత్రం లాప్‌టాప్‌లో ఉంది.

"సార్, వింటరా?" అన్నాడు శేఖర్. "ఒద్దంటే ఒద్దు."

విన్నాను. పిచ్ మార్చని గొంతు. అది అప్పే. వెనక పిన్ని ముక్కు చీదుకోవడం కూడా ఉంది. ఫ్యాను మాట వచ్చింది. టక్‌మంది. పాటలో ఆ తర్వాత ఉన్నదాన్ని బేస్ కప్పేసింది, ఇక్కడ బేస్ లేదు.

"ఆపానప్పా" అంది మగగొంతు.

శేఖర్ నా వైపు చూడకుండా లాప్‌టాప్ మూసేశాడు.

అప్పకి ఇది చెప్పలేదు.

ఆ ఏడాది పెళ్లిళ్ల రోజుల్లో ఒక సాయంత్రం అప్ప దగ్గర కూర్చుని ఉన్నాను. వీధిలో పెళ్లి బరాత్ ఊరేగుతూ వస్తోంది. డీజే బండి మలుపు తిరగ్గానే కిటికీ అద్దాలు అదిరాయి. పాట మారింది. శోకం మొదలైంది.

అప్ప వింటూ కూర్చుంది. తర్వాత నన్నడిగింది.

"ముందు ఎవరు ఏడ్చార్రా? అదా, నేనా?"

 లేచి కిటికీలు మూశాను. చప్పుడు తగ్గలేదు.

"ఆ ఫ్యానన్నా వెయ్యి. దాని మోతలో ఇది వినపడదు" అంది.

స్విచ్ దగ్గరికి వెళ్లాను. నొక్కలేకపోయాను. వేలు దాని మీద పెట్టి అలాగే నిలబడ్డాను. కింద వీధిలో పెళ్లివారంతా ఒక్కసారిగా అరిచారు, ఆడికి గాలి పడదని. టక్‌మంది. నా వేలు కదల్లేదు.

బేస్ పడింది. దాని అడుగున ఎవరి గొంతుందో తెలియకుండానే వాళ్లంతా ఎగిరారు. నా గొంతు అక్కడికి ఎలా చేరిందో తెలియకుండా నేను ఇక్కడ నిలబడి ఉన్నాను. ఇవాళ్టికీ అంతే.