రైట్ ఫీల్డ్ నుంచి ఉత్తరాలు

పదిహేడేళ్ల వయసులో నాకు నా గురించి చాలా గొప్ప అభిప్రాయం ఉండేది. పంచుకునేవాళ్లెవరూ లేకపోవడం వల్ల దాన్ని మొత్తం నేనే ఉంచుకునేవాణ్ణి. ఆ రోజుల్లో నేను కువైట్‌లో ఒక అమెరికన్ సిలబస్ బళ్లో పదకొండో తరగతి చదువుతుండేవాణ్ణి. అమెరికాలో ఏదో ఒక కాలేజీ బేస్‌బాల్ జట్టువాళ్లు నా ఆట చూసి ముచ్చటపడి, ఫీజు మాఫీ చేసి, విమానం టికెట్టు పంపి మరీ నన్ను తీసుకుపోతారని గట్టిగా నమ్మేవాణ్ణి. (మీరు నవ్వుకోవచ్చు. ఇన్నేళ్లుగా నేనూ అదే పని చేస్తున్నాను.)

మాది రాయచోటి దగ్గర పల్లె. నాన్న కువైట్ నగరంలో మిర్కాబ్ అనే పేటలో, సరుకుల రవాణా ఆఫీసులో గుమాస్తా. అమ్మ మా బళ్లోనే చిన్నపిల్లల తరగతిలో ఆయా. అక్కడ పనిచేసేవాళ్ల పిల్లలకు ఫీజులో రాయితీ ఉండబట్టి నేను ఆ గేటు లోపల అడుగు పెట్టగలిగాను. తోటి పిల్లలు పెద్ద పెద్ద కార్లలో దిగేవాళ్లు. సెలవులకు ఏయే దేశాలు వెళ్లొచ్చారో చెప్పుకునేవాళ్లు. నేను వెళ్లొచ్చిన దేశం రాయచోటి. (అదీ రెండేళ్లకొకసారి.) వాళ్లు నన్ను ఏడిపించేవాళ్లని అనుకోకండి. ఏడిపించాలంటే ముందు నేనొకణ్ణి ఉన్నానని వాళ్లకు తెలియాలి కదా. పోనీ భోజనాల వేళ అమ్మ దగ్గర కూర్చుందామంటే, అంత పొడుగు మగపిల్లవాడు ఎల్కేజీ గదిలో చిట్టి కుర్చీ మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పెరుగన్నం తినడం బాగుండదని అమ్మే పంపించేసింది. అలా నేను మెట్ల కింద కూర్చుని తినడానికి అలవాటు పడ్డాను.

అక్కడే నన్ను కోచ్ పట్టుకున్నాడు. ఆయన మా వ్యాయామం మాస్టారు, అమెరికా మనిషి. కువైట్‌లో పదేళ్లుండి ఆయన నేర్చుకున్న అరబ్బీ మాట ఒక్కటే: ఖలాస్. ఆట అయిపోతే ఖలాస్, బంతి గోడ దాటిపోతే ఖలాస్, ఎవరికైనా మోకాలు చీరుకుపోతే దగ్గరికొచ్చి చూసి ఖలాస్. అందుకని అందరూ ఆయన్ను ఖలాస్ కోచ్ అనేవాళ్లు. బేస్‌బాల్ జట్టుకు తొమ్మిదిమంది కావాలి. ఆయన దగ్గర ఎనిమిదిమందే ఉన్నారు.

"నువ్వు ఇండియావాడివి కదా, బ్యాట్ పట్టుకోవడం వచ్చా?" అని అడిగాడు.

"వచ్చు సార్," అన్నాను. అబద్ధం కాదు. నాకు వచ్చింది క్రికెట్ బ్యాట్ పట్టుకోవడం అని చెప్పలేదు, అంతే.

మొదటి మ్యాచ్‌లో బంతి ఎలాగో నా బ్యాట్‌కు తగిలింది. బేస్‌బాల్‌లో బంతి కొట్టగానే బ్యాట్ అక్కడే పడేసి, మొదటి బేస్ అనే చోటికి పరిగెత్తి అక్కడ ఆగాలి. నేను బ్యాట్‌తో సహా పరిగెత్తాను. బేస్ దగ్గర దాన్ని ముందుకు చాపి నేలకు ఆనించి, చటుక్కున వెనక్కి తిరిగి రెండో పరుగు కోసం బయల్దేరాను. సగం దూరం వచ్చాక అనుమానం వేసింది. అవతలి నుంచి నాకు ఎదురుగా రావలసిన మనిషి లేడు. రెండు జట్లూ నిలబడి నన్నే చూస్తున్నాయి. "ఖలాస్," అన్నాడు కోచ్, చాలా మెల్లగా, దేవుడికి చెప్పుకుంటున్నట్టు.

ఆ తర్వాత నన్ను రైట్ ఫీల్డ్‌లో పెట్టారు. మైదానంలో కుడిపక్క చిట్టచివర ఉండే చోటు అది. బడిపిల్లల ఆటలో బంతి అటు రావడం తక్కువ. అందుకే ఎవరిని ఎక్కడ పెట్టాలో తెలియకపోతే అక్కడ పెడతారు. గంటల తరబడి నిలబడేవాణ్ణి. ఎండ, దుమ్ము, కంచె అవతల కార్లు. మిగతా ఎనిమిదిమంది ఒకరినొకరు కేకలేసుకుంటూ నవ్వుకుంటూ ఉంటే, ఆ మాటలు నా దాకా వచ్చేసరికి గాలికి అరిగిపోయి చప్పుడు మాత్రం మిగిలేది. అయినా నాకు అక్కడ నిలబడటం ఇష్టంగానే ఉండేది. మెట్ల కింద ఒంటరిగా కూర్చుంటే దిక్కులేనివాణ్ణి. అదే జట్టు చొక్కా వేసుకుని ఒంటరిగా నిలబడితే రైట్ ఫీల్డర్‌ని. ఎంత తేడా!

నా ఆట చూసే మనిషి మొత్తం మైదానంలో ఒక్కడే. మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. మా పక్క ఊరివాడు కాబట్టి, చుట్టరికం లేకపోయినా నాకు మామ. ఆ ఇంటి అబ్బాయి మా జట్టులోనే ఆడేవాడు. అతణ్ణి దింపి, ఆట అయ్యేదాకా డ్రైవర్ మామ కంచె పక్కన అట్టముక్క పరుచుకుని కూర్చునేవాడు. కనిపెట్టుకుని ఉండాల్సింది ఆ అబ్బాయిని, కానీ చూసేది నన్ను.

"ఏం అల్లుడా, నిన్నెందుకు అంత దూరంలో నిలబెట్టినారు? ఏం తప్పు జేసినావు?" అని అడిగాడు మొదటిరోజు.

"అది నా స్థానం మామా."

"స్థానమా! నేను శిక్ష అనుకుంటి."

ఆ ఏడాది పై తరగతివాళ్లు కాలేజీలకు దరఖాస్తులు పెట్టుకునే కాలం వచ్చింది. మా జట్టులో ఇద్దరికి అమెరికా కోచ్‌ల నుంచి ఫోన్లు వచ్చాయని విని, నేనూ ఖలాస్ కోచ్ గదికి వెళ్లి నాకు అవకాశం ఎంతుందని అడిగాను. "నువ్వు సామాన్యమైన ఆటగాడివి. చెడ్డ ఆటగాడివి కావు, మంచి ఆటగాడివీ కావు. పెద్ద కాలేజీలు నీ వైపు చూడవు. చిన్న కాలేజీలు చాలా ఉన్నాయి, కొన్నింటికి మనుషులు కావాలి. నీ మార్కులు బాగున్నాయి, అది సాయపడుతుంది. వీడియో తీసి పంపు. ఉత్తరాలు రాయి. ఎవరో ఒకరు చూడవచ్చు, చూడకపోవచ్చు. వాళ్లంతట వాళ్లు మాత్రం రారు," అన్నాడు. అప్పటిదాకా నాతో అంత నిజాయితీగా, అంతసేపు మాట్లాడిన మనిషి ఆ బళ్లో లేడు. నేను మాత్రం ఆ మాటల్లోంచి "చాలా ఉన్నాయి", "మనుషులు కావాలి" అనే రెండు ముక్కలు ఏరుకుని బయటికి వచ్చేశాను.

వీడియో డ్రైవర్ మామ తీశాడు, తన ఫోన్లో, కంచె కన్నాల్లోంచి. పది నిమిషాల వీడియోలో నేను బంతి కొట్టింది మూడుసార్లు. మిగతాదంతా మామ గొంతే. "అదిగో మా అల్లుడు... వస్తాండాడు... కొట్టినాడు, కొట్టినాడు! లే, తగల్లా. ఇంగోటి ఏస్తాడు సూడు. అయ్యో, గాలికి పాయ. గాలిదే తప్పు." దాని శబ్దం తీసేయాలని నాకు తోచలేదు. అమెరికావాళ్లకు తెలుగు రాదు కదా అని ధైర్యం. ముప్పై కాలేజీలకు ఈమెయిల్లో పంపాను. ఇరవై తొమ్మిది మాట్లాడలేదు. పేరు కూడా ఎవరూ విని ఉండని ఒక చిన్న ఊళ్లోని చిన్న కాలేజీ మాత్రం ఒక్క నిమిషంలో జవాబిచ్చింది. "నీ ఉత్తరం మాకు చాలా సంతోషం కలిగించింది. నీలాంటి ఆటగాళ్ల కోసమే మేం ఎదురుచూస్తుంటాం. బాగా సాధన చెయ్యి. నీ విశేషాలు ఎప్పటికప్పుడు తెలియజేస్తూ ఉండు." కింద కోచ్ పేరు.

తెలియజేస్తూ ఉండమన్నాడు కాబట్టి తెలియజేయడం మొదలుపెట్టాను. ప్రతి శుక్రవారం అన్నం తిని రాసేవాణ్ణి. మొదట్లో ఆట గురించే రాశాను. ఆట గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి, తర్వాత మిగతావి వచ్చి చేరాయి. దుమ్ము తుఫాను వచ్చి ఆకాశం పసుపు నీళ్లలా అయిందనీ, ఆట రద్దయిందనీ రాశాను. మెట్ల కింద నేను కూర్చునే చోట ఎవరో పాత బల్లలు పడేస్తే ఇప్పుడు ఎక్కడ తినాలో తెలియడం లేదని రాశాను. క్లాసులో నా పేరును మూడేళ్లుగా తప్పుగా పలుకుతున్న టీచరుకు ఇప్పుడు చెబితే ఏం బాగుంటుందని ఊరుకున్నానని రాశాను. ప్రతిసారీ నిమిషంలో జవాబు వచ్చేది. అక్కడ తెల్లవారుజాము నాలుగు గంటలకు కూడా! ఆ కోచ్ నా ఉత్తరం కోసం నిద్ర మానుకుంటున్నాడని జాలిపడి, 'మీ ఆరోగ్యం చూసుకోండి' అని ఒకసారి రాశాను. దానికి జవాబు: "బాగా సాధన చెయ్యి."

మాటల తేడా లేకుండా అదే జవాబు ప్రతిసారీ రావడం నేను గమనించలేదా అంటే, గమనించాను. పెద్దవాళ్లు మాట మీద నిలబడతారు అనుకున్నాను.

నాన్న సంగతి వేరే. ఆయనకు ఆ ఆట ఏమిటో తెలియదు. అమెరికా కోచ్ వారం వారం ఉత్తరం రాస్తున్నాడన్నది మాత్రం తెలుసు. ఆఫీసులో చెప్పేశాడు. ఈజిప్టు మేనేజరు "మబ్రూక్" అని అభినందించి వీపు తట్టాడట. తోటి గుమాస్తాలు మిఠాయిలు తెప్పించి తిన్నారట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పేటప్పుడు నాన్న మొహం చూస్తే, ఇంకా ఏమీ తేలలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పన్నెండో తరగతి మధ్యలో డ్రైవర్ మామ వెళ్లిపోయాడు. యజమాని కొడుక్కి లైసెన్సు వచ్చింది, సొంత కారు వచ్చింది. మామ చివరిసారి కంచె దగ్గరికొచ్చి, "ఇంగ నాతో పని లేదంట అల్లుడా. ఇఖామా రద్దు జేసి ఊరికి పంపిచ్చాండారు," అన్నాడు. (ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం.)

"మళ్లీ ఎప్పుడొస్తావు మామా?"

"రాన్లే. వయసై పాయ గదా. నువ్వు మాత్రం ఆడ నిలబడేది మానొద్దు. ఎప్పుడో ఒగనాడు రాకుండా పోతాదా బంతి!"

ఆ శుక్రవారం చాలా పెద్ద ఉత్తరం రాశాను. నా ఆట చూసేవాడు ఇక లేడనీ, కంచె వైపు చూడటానికి కూడా మనసు రావడం లేదనీ, ఇంట్లో చెబితే అమ్మ బాధపడుతుందని మీకు చెబుతున్నాననీ రాశాను. నిమిషంలో జవాబు వచ్చింది: "నీ ఉత్తరం మాకు చాలా సంతోషం కలిగించింది."

అప్పటికి నాకు తెలిసిపోయింది. నిజానికి అంతకుముందే తెలుసు, తెలుసని ఒప్పుకోలేదు. అయినా తర్వాతి శుక్రవారం మళ్లీ రాశాను. రాయడానికి ఇంకెవరున్నారు?

ఆ తర్వాత సోమవారం, నేను మళ్లీ రాయకముందే, అక్కడి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కింద ఒక ఆవిడ పేరు. "నేను కోచ్‌ను కాను. ఈ ఆఫీసులో సోమవారం నుంచి గురువారం దాకా ఉదయం పూట పనిచేస్తాను. ఇన్నాళ్లూ నీకు వచ్చిన జవాబులు కంప్యూటరు తనంతట తాను పంపినవి. జట్టులో నీకు చోటు లేదని కోచ్ నాతో అని చాలా రోజులైంది. నీకు చెప్పడానికి నాకే మనసొప్పలేదు, క్షమించు. కానీ నీ ఉత్తరాలు అన్నీ నేను చదివాను. సోమవారం రాగానే ముందు నీ ఉత్తరమే తెరుస్తాను. నువ్వు ఎలా ఉన్నావు?"

మెట్ల సంగతి, టీచరు సంగతి, అమ్మకు చెప్పనివన్నీ ఒక మనిషి చదివింది! యంత్రం చదివిందనుకున్నప్పుడు లేని సిగ్గంతా ఒక్కసారి మీద పడింది. ఆ సాయంత్రం నాన్నకు మొత్తం చెప్పేశాను. నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే వాళ్లు రమ్మనలేదా?"

"లేదు నాన్నా."

"నువ్వు బాగా ఆడవా?"

"ఒక మోస్తరుగా ఆడతాను."

నాన్న తల పంకించాడు. "నేనూ ఆఫీసులో ఒక మోస్తరే," అన్నాడు. మళ్లీ టీ గ్లాసు అందుకుని, "శనివారం ఆట ఉందంటివి గదా. ఏ పొద్దుకు?" అని అడిగాడు.

శనివారం వచ్చాడు. ఆఫీసు చొక్కా, ఆఫీసు బూట్లు వేసుకుని, ఎవరో పిలిస్తే లోపలికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నవాడిలా నిలబడ్డాడు. చివరి వంతులో, రెండేళ్లలో ఎన్నడూ లేనిది, బంతి ఆకాశంలోకి లేచి తిన్నగా నా మీదికి వచ్చింది. నేను వెనక్కి పరిగెత్తి, ముందుకు పరిగెత్తి, చెయ్యి చాపాను. గ్లవ్‌లో పడింది, నేను ఊపిరి పీల్చుకునేలోగా ఎగిరి బయటికి దూకి నా బూటు మీద పడింది. మా జట్టంతా తలలు పట్టుకుంది. ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక్కరి చప్పట్లు వినిపించాయి. బంతి కొడుకు దాకా వచ్చింది, కొడుకు దాన్ని ముట్టుకున్నాడు, నాన్నకు అంతే అర్థమైంది. రెండు చేతులూ పైకెత్తి మరీ కొట్టాడు. అవతలి జట్టువాళ్లు ఆయన తమ తాలూకు మనిషి కాబోలనుకుని ఆయనకేసి చెయ్యి ఊపారు.

నేను అమెరికా వెళ్లలేదు. తిరుపతిలో బీకాం చదివి, ఆ చదువుతో మళ్లీ కువైట్ వచ్చి, ఇప్పుడు ఒక ఆఫీసులో ఒక మోస్తరుగా పనిచేస్తున్నాను. ఇవేవీ నన్ను బాధపెట్టవు. ఒక్కటే అప్పుడప్పుడూ ముల్లులా తగులుతుంది: ఆవిడకు నేను జవాబు రాయలేదు. 'డియర్ మేడమ్' అని మొదలుపెట్టి, ఆగి, మూసేసేవాణ్ణి. కంప్యూటరుకు ఏడాదిపాటు నా గోడంతా చెప్పుకున్నవాణ్ణి, ఒక మనిషి ఎలా ఉన్నావని అడిగితే పారిపోయాను. "బాగున్నాను" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదరా అని అప్పటి ఆ అబ్బాయిని ఇప్పుడు మెత్తగా మందలిస్తుంటాను. వాడూ తక్కువవాడు కాదు. రాద్దామనే కూర్చున్నాననీ, బాగున్నానన్నది నిజమో కాదో ముందు తేల్చుకుందామనుకున్నాననీ, తేల్చుకునేలోగా పరీక్షలు వచ్చేశాయనీ అంటాడు.